వీరేశలింగము పంతులుగారి సత్యరాజు

గోదావరీ తీరమునందలి రాజమహేంద్రవరము ప్రాచీనమైన విద్యాక్షేత్రము. నన్నయభట్టు మహాభారతమును తెనిగించుటకు పూనుకొన్నది ఇచ్చటనే. అట్టి పట్టణమున 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన కందుకూరి వీరేశలింగము పంతులుగారు జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి సుబ్బారాయుడుగారు గతింపగా, తల్లి పున్నమ్మగారు కుమారుని పెంచి చదివించిరి. పంతులుగారు ఉపాధ్యాయులై, 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాలను నెలకొల్పిరి. వివేకవర్ధని పత్రికయు ఆ యేటనే వెలువడెను.

ఆనాటి సంఘమున శాస్త్రములు చదివిన పెద్దలకు కొదువ లేదు. అట్టివారి యిండ్లలోనే ధనము పుచ్చుకొని పసిబాలికలను ముదుసలులకు కట్టబెట్టుచుండిరి. భర్త పోయిన పిల్లకు తల గొరిగించి, ఒంటిపూట తిండి పెట్టి, శుభకార్యములలో ఎదురు రానీయక ఒక మూల నుంచుచుండిరి. లోకము అడవిని చూచి భయపడును. ఈ క్రౌర్యము మాత్రము మడి కట్టుకొని, గ్రంథము చేతబట్టి ఊరి నడుమనే తిరుగుచుండెను.

1880లో పుస్తకరూపమున వచ్చిన రాజశేఖర చరిత్రములో పంతులుగారు ఈ సంగతినే కథగా చెప్పిరి. ధవళేశ్వరమున నివసించు రాజశేఖరుడు ధనవంతుడు, మంచివాడు. బంగారము చేసెదనన్న బైరాగి ఉన్న బంగారముతో పరారి యయ్యెను. కాశీయాత్రకు బయలుదేరిన ఆ కుటుంబము పిమ్మట అడవిలో దొంగల పాలయ్యెను. అడవి దొంగలకంటె ముందు ఊరి దొంగలు దోచిరన్నమాట!

కథలో వ్రాసినది మరుసటి యేటనే కన్నులార చూడవలసివచ్చెను. 1881 డిసెంబరు 11వ తేదీ రాత్రి పంతులుగారు తమ యింట తొలి వితంతు వివాహమును జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. పట్టణము అట్టుడికిపోయెను. దౌర్జన్యము జరుగునను భయముచే విద్యార్థులే గుంపుగా వచ్చి కాపలా కాసిరి. పెండ్లి ముగిసిన వెనుక వెలి మొదలయ్యెను. వంటవారు రారైరి, నీళ్లు మోయువారు మానిరి. నిన్నటి స్నేహితులు కొందరు ప్రాయశ్చిత్తము చేసికొని తప్పుకొనిరి. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి బిందెతో నీళ్లు తెచ్చి, వచ్చిన వారికందరికి వండి పెట్టిరి. ఆమె ధైర్యము లేనిదే ఆ ఉద్యమము నిలిచెడిది కాదు.

ఈ అనుభవము తరువాతనే, ఆ శతాబ్దపు చివరి దశకమున, సత్యరాజా పూర్వదేశయాత్రలు పుట్టెను. దానికి ప్రేరణ 1726లో జొనాథన్ స్విఫ్ట్ ప్రకటించిన గలివర్ యాత్రలు. అందు చివరి భాగమున గుర్రములు వివేకముతో జీవించుచుండగా, మనుష్యాకారము గల యాహూలు బురదలో పొర్లుచు పోట్లాడుకొనుచుందురు. అవి ఎవరో గలివరు గుర్తించి సిగ్గుపడును. పంతులుగారు యాహూలను తీసికొనలేదు. తెలుగు పాఠకుని సిగ్గుపరచుటకు అంత దూరము పోనక్కరలేదని తలచిరి కాబోలు. సత్యరాజు చేరిన ఆదిమలయాళమున స్త్రీలే ప్రభువులు. పురుషులు చదువునకు నోచుకొనక, ఇల్లు కదలక, భార్యకు లోబడి యుండవలెను. పత్నీవ్రత ధర్మములను వారికి బోధించుచుందురు. ఆ దేశాచారము సత్యరాజునకు ఘోరముగా తోచెను. తన యూరిలో అదే ఆచారము స్త్రీల యెడ నడచుచుండగా అతనికి అది ధర్మముగనే తోచియుండెను! చదువరి మొదట నవ్వును; రెండు పుటలు తిప్పగనే తన యింటిలోని వంటగది జ్ఞప్తికి వచ్చును. రెండవ భాగమున లంకాద్వీపపు మహాకాయుల కథ యున్నది గాని, మొదటి భాగమునకున్న పదును దానికి లేదు.

రాజ్యలక్ష్మమ్మగారు 1910లో మరణించిరి. పంతులుగారు తమ ఆస్తిని హితకారిణీ సమాజమునకు అప్పగించి, 1919 మే 27వ తేదీన మద్రాసులో కన్నుమూసిరి. పట్టణ ప్రజలు ఒకచోట కూర్చుండి మాటలాడుకొనుటకై 1890లో వారు కట్టించిన పురమందిరము, తమను వెలివేసిన ఆ రాజమహేంద్రవరముననే నిలిచియున్నది.