సెల్బోర్ను పక్షిమిత్రుడు

గొప్పవారగుటకు గొప్ప పట్టణములందే పుట్టవలెననియు, క్రొత్త సంగతులు కనుగొనుటకు ఓడలెక్కి దూరదేశములకు పోవలెననియు తలంచువారు లోకమున పెక్కుమంది కలరు. పల్లెటూరి బడులలో చదువుకొను బాలబాలికల మనస్సులలో ఈ తలంపు మఱింత లోతుగా నాటుకొని యుండును. చూడదగినదంతయు ఎచటనో యున్నదనియు, తమ ఊర చూచుటకేమియు లేదనియు వారనుకొందురు. ఇది సరికాదని తన జీవితముచేతనే నిరూపించిన ఒక ఆంగ్లేయుడు రెండువందల యేండ్లకు పూర్వము జీవించెను. ఆయన పేరు గిల్బర్టు వైట్. ఆయన తన దేశపు సరిహద్దు దాటలేదు. తన పెరటికిని, ఊరికిని వచ్చు పక్షులను, ఇతర ప్రాణులను నలువది యేండ్లు విసుగులేక చూచెను. చూచినదానిని చూచినట్లు వ్రాసెను. ఆ వ్రాతయే ఆయనను చిరంజీవిని చేసెను.

లండను నగరమునకు నైరృతి దిక్కున సుమారు ఏబది మైళ్ల దూరమున, హాంప్‌షైరు మండలములో సెల్బోర్ను అను చిన్న గ్రామము కలదు. గ్రామమునకు ఒకవైపున బీచి చెట్లతో నిండిన నిటారైన కొండచరియ. దాని దిగువ ఒకే ఒక వీధి, ఒక చర్చి. ఆ కాలమున అచటి జనసంఖ్య ఏడువందలకు లోపే. ఆ గ్రామమున 1720వ సంవత్సరము జూలై 18వ తేదీన గిల్బర్టు వైట్ జన్మించెను. ఆయన తాతగారు ఆ ఊరి చర్చికి మతాచార్యుడు. తండ్రి న్యాయశాస్త్రము చదివినవాడు. గిల్బర్టు ఆక్స్‌ఫర్డులోని ఓరియల్ కళాశాలలో చదివి, 1743లో పట్టము పొంది, మఱుసటి యేట ఆ కళాశాలలోనే ఫెలోగా ఎన్నికయ్యెను. పిమ్మట క్రైస్తవ మతాచార్యత్వమును స్వీకరించెను.

ఆయన కోరియుండినచో ఇతర ప్రదేశములలో మంచి పదవులు దొరకియుండెడివి. కాని సెల్బోర్నును విడచిపోవుటకు ఆయన మనస్సొప్పలేదు. ఆ ఊరి ప్రధానాచార్య పదవి వేఱొక కళాశాలవారి చేతిలో నుండుటచే అది ఆయనకు లభింపలేదు. సహాయాచార్యుడుగా మాత్రమే పలుమాఱులు అచట పనిచేసి, చివరకు ఆ పదవిలోనే కన్నుమూసెను. బండి ప్రయాణము ఆయన శరీరమునకు సరిపడదు, కడుపులో త్రిప్పును. అందుచే గుఱ్ఱముపైననే తిరిగెడివాడు. వివాహము చేసికొనలేదు. వేక్స్ అను తమ కుటుంబపు ఇంటిలో, తన తోటలో, తన చెట్ల నడుమ కాలము గడపెను.

మొదట ఆయనకు తోటపనియందే మక్కువ ఎక్కువ. 1751లో ఒక పుస్తకము తీసికొని, ఏ దినమున ఏ విత్తు నాటినది, ఏది మొలచినది, ఏది చలికి చచ్చినది వ్రాయనారంభించెను. దోస, ఖర్బూజ తీగలకు ఎరువు కుప్పలతో వెచ్చని మడులు కట్టి, వాని యోగక్షేమములను బిడ్డల యోగక్షేమములవలె విచారించెడివాడు. తోటలో నిలిచియున్న మనుష్యుని కన్నులకు మొక్కలతోపాటు పక్షులును కనబడును గదా! క్రమముగా ఆయన పుస్తకములోనికి పక్షులు, గబ్బిలములు, కీచురాళ్లు, వానలు, గాలులు ప్రవేశించెను. 1768 నుండి వీనికై గడులు గీసి అచ్చు వేసిన దినచర్య పుస్తకములలో వ్రాయుచు, 1793 వఱకు, అనగా ఇరువదియైదేండ్లు, ఆ అలవాటును వదలలేదు. ఇచట ఒక విశేషము గమనింపదగినది. ఆ 1768లోనే కెప్టెన్ కుక్ ఎండెవరు ఓడపై దక్షిణ సముద్రములకు బయలుదేరెను. జోసెఫ్ బాంక్స్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఆయనతో కూడ పోయెను. ఒకరు భూగోళమును చుట్టి రాబోయిరి. మఱియొకరు పెరటి తలుపు తెరచుకొని తోటలోనికి పోయిరి. ఇరువురి పనియు శాస్త్రమునకు ఉపకరించెను.

గిల్బర్టు వైట్ చూపు ఎట్టిదో తెలియుటకు ఒక ఉదాహరణము చాలును. ఇంగ్లండులో వేసవియందు ఆకుల నడుమ తిరుగు చిన్న పచ్చని పిట్టలు కలవు. అవి యన్నియు ఒకే జాతివని అంతవఱకు జనులు తలంచుచుండిరి. చూపునకు వానిలో భేదము తెలియదు. కాని వైట్ చెట్ల క్రింద నిలిచి చెవియొగ్గి వినెను. ఒకటి రెండే స్వరములను మాటిమాటికి పలుకుచుండెను. ఒకటి మెల్లగా దిగివచ్చు తీయని పాట పాడుచుండెను. ఇంకొకటి ఎత్తైన కొమ్మలపై రెక్కలు వణకించుచు వేఱు విధముగా కూయుచుండెను. పిదప వానిని దగ్గఱగా పరీక్షించి, అవి మూడు వేర్వేఱు జాతులని నిశ్చయించెను. నేడు చిఫ్‌చాఫ్, విల్లో వార్బ్లరు, వుడ్ వార్బ్లరు అని పిలువబడు పిట్టలివియే. ఇట్లే కంకుల నడుమ గడ్డితో ఉండవంటి గూడు అల్లుకొను మిక్కిలి చిన్న పొలపుటెలుకను ఆ దేశమున మొదట గుర్తించి లోకమునకు తెలిపినదియు ఆయనయే.

చర్చి చూరులో తెల్ల గుడ్లగూబల జంట కాపురముండెను. గుడ్లగూబ యనగా మన దేశమునవలెనే ఆ దేశమునను జనులు అపశకునమని భయపడుదురు. వైట్ మాత్రము సాయంకాలము గడియారము చేతబట్టి ఆ గూటివంక చూచుచు నిలిచెను. రెండు పక్షులలో ఏదో యొకటి సుమారు అయిదు నిమిషముల కొకసారి ఎలుకను పట్టి పిల్లలకు తెచ్చుచున్నదని లెక్క తేల్చెను. ఇంత ఉపకారము చేయు పక్షిని తఱిమివేయుట ఎంత తెలివితక్కువయో ఈ లెక్కయే చెప్పుచున్నది. అట్లే తన ఇంటి ద్రాక్షతీగపై గూడు కట్టిన ఒక పిట్టల జంటను గమనించెను. ఎండ మండిపోవుచుండగా తల్లిదండ్రులు నోళ్లు తెరచుకొని రొప్పుచు, గూటిపై రెక్కలు చాచి పిల్లలకు నీడ పట్టుచుండెను. పుస్తకములు వల్లించినంత మాత్రమున ఇట్టి సంగతులు తెలియవు.

1776 జనవరిలో సెల్బోర్ను చుట్టుప్రక్కల మంచు కప్పివేసెను. ఆ దినములలో అడవి ప్రాణులు ఆకలిచే భయమును మఱచి మనుష్యుల యొద్దకు వచ్చెను. భరతపక్షులు పట్టణపు వీధులలో నేల కనబడుచోట వాలెను. కాకులు దారిన పోవు గుఱ్ఱముల వెంటబడి అవి విడచిన పేడలో గింజలు వెదకెను. కుందేళ్లు తోటలలోనికి దూరి, మంచును కాళ్లతో త్రవ్వి, దొరకిన మొక్కలు తినెను. తోట అనిన ప్రాణముగా చూచుకొను ఆ మనుష్యుడు కుందేళ్లను తిట్టుచు కూర్చుండలేదు. ఆకలి ప్రాణులను ఎట్లు మార్చునో శ్రద్ధగా వ్రాసి యుంచెను. 1783 వేసవిలో ఆకాశమున ఒక వింత పొగ వ్యాపించి, సూర్యుడు మధ్యాహ్నమున సైతము మసకగాను, ఉదయాస్తమయములందు నెత్తురువలె ఎఱ్ఱగాను కనబడెను. పల్లెజనులు హడలిపోయిరి. వైట్ దానిని దినముల లెక్కతో వ్రాసెను. ఐస్‌లాండులోని లాకి అగ్నిపర్వతపు ప్రేలుడే దీనికి కారణము. నేటి శాస్త్రజ్ఞులకు ఆయన వ్రాత ఒక సాక్ష్యమైనది.

ఆయన తోటలో టిమోతి అను తాబేలు ఒకటి యుండెను. అది ఆయన మేనత్తగారిది. ఆమె మరణానంతరము 1780లో, చలికాలపు నిద్రలో నున్నదానిని మట్టిలోనుండి త్రవ్వి తీసి, బండిలో ఎనుబది మైళ్లు తెచ్చెను. దానిని ఊరి అంగడి త్రాసులో తూచెడివాడు. తూకము దాదాపు ఏడు పౌండ్లు. చెవి వినబడునేమో యని బాకావంటి గొట్టముతో దానిదగ్గఱ కేకవేసి చూచెను. అది తల త్రిప్పనైన లేదు. బండి చక్రము పైన పోయినను చెక్కు చెదరని చిప్పగల ఆ ప్రాణి నాలుగు వాన చినుకులకు బెదరి మూలకు పోయి దాగుట చూచి ఆశ్చర్యపడెను. ఆయన పోయిన మఱుసటి సంవత్సరము అదియు చనిపోయెను. పిదప పరీక్షింపగా, మగపేరుతో ఇన్నాళ్లు పిలువబడిన ఆ తాబేలు ఆడుదని తేలెను! దాని చిప్ప నేడును లండనులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో కలదు.

వైట్ జీవితమంతయు వెంటాడిన ప్రశ్న ఒకటి కలదు. వానకోయిలలు చలికాలమున ఎచటికి పోవును? కొన్ని చెఱువుల అడుగున నిదురించుననియు, కొన్ని గోడల కన్నములలో మూర్ఛిల్లి యుండుననియు నాటి పండితులే నమ్ముచుండిరి. ఆయన ఉత్తరములు వ్రాయుచుండిన డేయిన్స్ బారింగ్‌టన్ అను పెద్దమనిషి, పక్షులు సముద్రములు దాటి పోవుననుటను నమ్మనివారిలో నొకడు. జిబ్రాల్టరులో నుండిన తమ్ముడు జాన్ మాత్రము పక్షులు జలసంధి దాటి పోవుచున్నవని తెలియజేసెను. వైట్ ఈ రెండిటి నడుమ నలిగెను. ఆలస్యముగా శరత్కాలమున కనబడిన కొన్ని పక్షులను చూచి, ఇవి ఇచటనే ఎందైన దాగియుండునేమో యని ఊహించెను. పొదలు, గోడలు, ఇండ్ల చూరులు వెదకించెను. నిదురించు వానకోయిల ఒక్కటియు దొరకలేదు. దొరకనిదానిని దొరకినదని ఆయన వ్రాయలేదు. పెద్దలు చెప్పిరి గనుక నిజమనియు వ్రాయలేదు. ఆయన గొప్పతనమంతయు ఇందే యున్నదని నా అభిప్రాయము. 1911లో ఇంగ్లండులో కాలికి కడియము తొడిగి విడచిన వానకోయిల 1912లో దక్షిణాఫ్రికాలోని నెటాలులో చిక్కుటతో ఆ ప్రశ్నకు తిరుగులేని సమాధానము లభించెను.

ఆకాశమున అతివేగముగా ఎగురు స్విఫ్టు పక్షులనిన ఆయనకు మిక్కిలి ప్రీతి. ఊరిలో అవి ఏటేట ఎనిమిది జంటలే యుండుట లెక్కించెను. అవి గాలిలోనే జతకూడునని మొదట వ్రాసినదియు ఆయనయే. ఆ స్విఫ్టులలో కొన్ని పది నెలలు నేలపై వాలకయే ఎగురునని 2016లో స్వీడను శాస్త్రజ్ఞులు యంత్రముల సహాయమున కనుగొనిరి. నాడు రైతులు అసహ్యించుకొను వానపామును గూర్చియు ఆయన 1777లోనే వ్రాసెను. అది నేలను గుల్లపఱచి, గాలిని, నీటిని లోనికి పంపి, ఎరువు చేర్చుననియు, అది లేనిచో నేల బిగిసి సారము కోల్పోవుననియు తెలిపెను. ఒక శతాబ్దము పిదప, 1881లో, చార్లెసు డార్విను వానపాములపై ఒక గ్రంథమే వ్రాసెను. బాల్యమున వైట్ పుస్తకమును చదివి పక్షులను చూచుట కలవరచుకొన్నవారిలో ఆ డార్వినును ఒకడు.

నాటి వాడుక ననుసరించి వైట్ కూడ పరీక్షకై పక్షులను కాల్పించెననుట నిజమే. ఐనను ఆయనకు కీర్తి తెచ్చినది తుపాకి కాదు, ఓర్పుగల కన్ను. థామస్ పెన్నంట్, బారింగ్‌టన్ అను ఇరువురు పండితులకు ఆయన వ్రాసిన ఉత్తరములే గ్రంథమయ్యెను. సెల్బోర్ను ప్రకృతి చరిత్ర, ప్రాచీన విశేషములు అను ఆ గ్రంథమును, లండనులో పుస్తకములు ప్రకటించుచుండిన తమ్ముడు బెంజమిన్ అచ్చు వేసెను. అది 1788 చివర వెలువడెను. దానిపై నున్నది 1789వ సంవత్సరము. అప్పటికి వైట్ వయస్సు అఱువది ఎనిమిది. ఆ గ్రంథము నేటివఱకు రెండువందలకు మించిన ముద్రణలు పొందెను. 1793వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఆయన మరణించెను. చర్చి ఆవరణలో ఆయన సమాధిపై ఒక చిన్న రాయి. దానిపై పేరులోని రెండు మొదటి అక్షరములు, మరణించిన తేదీ మాత్రమే చెక్కబడినవి. ఆయన నివసించిన వేక్స్ గృహము 1955 నుండి ప్రదర్శనశాలగా నున్నది.

ఊరివారి చూపు ఎంత విలువైనదో మన తెలుగునాటను ఒక దృష్టాంతము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున జెర్డన్ అను వైద్యుడు గుర్తించిన కలివికోడి, 1900 తరువాత కనబడక, నశించినదని పండితులచే తలంపబడెను. 1986లో కడప జిల్లా పొదలలో అది తిరిగి కనబడినది. పండితులకు అందుకు తోడ్పడినవారు ఆ చోటులు, ఆ పక్షులు బాగుగా తెలిసిన పిట్టలు పట్టు గ్రామస్థులే.

విద్యార్థులారా! వైట్ లెక్కించిన స్విఫ్టులు నేడు ఆయన దేశముననే తగ్గిపోవుచున్నవి. 2021లో వానిని మిక్కిలి ఆపదలోనున్న పక్షుల ఎఱ్ఱ జాబితాలో చేర్చిరి. నాడాయన వ్రాసి యుంచెను గనుకనే నేడు ఆ ఊరిలో ఏమి మిగిలినది, ఏమి పోయినది పోల్చి చూచుటకు వీలగుచున్నది. మన ఊరి పక్షులను గూర్చి అట్టి లెక్క వ్రాసి యుంచువారెవరు? దానికి ధనము అక్కఱలేదు. మన పెద్దలు పిచ్చుకల కొఱకు చూరునకు వరికంకుల కుచ్చులు కట్టెడివారు. మీరును ఒక కుచ్చు కట్టుడు. వేసవిలో ఒక మట్టిమూకుడుతో నీరు పెట్టుడు. ఎవరు వచ్చిరో, ఎప్పుడు వచ్చిరో, ఎన్ని వచ్చినవో ఒక నోటుపుస్తకములో తేదీ వేసి వ్రాయుడు. పేరు తెలియని పిట్ట వచ్చినచో మీ తాతను, అవ్వను అడుగుడు. మన ఇంటి భాషలో దానికొక పేరు తప్పక యుండును. ఆ పేరు కూడ వ్రాసికొనుడు. వ్రాయనిచో పిట్టతోపాటు పేరును ఎగిరిపోవును.