శ్వాసను చూడమన్నారు... నాడిని వదిలేశారు!
వైద్య బోధనకు వెలుగూ, హెచ్చరికా అయిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ జీవితం

శ్రీకాకుళం, విజయనగరం: ఉత్తరాంధ్ర విద్యార్థి వైద్యం చదవాలంటే ఒకప్పుడు విశాఖపట్నం వెళ్లక తప్పేది కాదు. 1923లో అక్కడ వైద్య కళాశాల ప్రారంభమైన నాటి నుంచి దాదాపు ఎనభై ఏళ్ల పాటు ఈ ప్రాంతానికి అదే దిక్కు. ఆ తరువాత నెల్లిమర్లలో మహారాజా వైద్య విజ్ఞాన సంస్థ వెలసింది. 2008లో శ్రీకాకుళంలో రిమ్స్, 2023లో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడ్డాయి. వందలాది విద్యార్థులు ఇప్పుడు సొంత జిల్లాల్లోనే తెల్లకోటు ధరిస్తున్నారు. అయితే భవనాలు, సీట్లు ఉన్నంత మాత్రాన వైద్యుడు తయారు కాడు. రోగి పక్కన నిలబెట్టి ఏమి చూడాలో, ఎలా చూడాలో నేర్పే గురువు కావాలి. ఆ పనిని నూట ముప్పై ఏళ్ల కిందటే హైదరాబాదులో పట్టుదలతో సాగించిన వ్యక్తి ఎడ్వర్డ్ లారీ. ఆయన సాధించినదీ, పొరబడినదీ రెండూ నేటి వైద్య అధ్యాపకులకు పాఠాలే.

ఎడిన్‌బరో శిష్యరికం

లారీ 1846లో జన్మించారు. అదే ఏడాది అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్ మత్తుతో శస్త్రచికిత్స జరిగి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచింది. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాంను వాడుకలోకి తెచ్చారు. ఆ ఎడిన్‌బరోలోనే లారీ వైద్యం చదివారు. ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద శిష్యరికం చేశారు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడిని పట్టుకోనవసరం లేదని, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలని సైమ్ నమ్మేవారు. గురువు చెప్పిన ఆ మాటను లారీ జీవితాంతం వేదంగా భావించారు.

ఆనాడు ఈ విషయంపై వైద్యలోకం రెండుగా చీలిపోయి ఉండేది. 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తొలగించే చిన్న చికిత్స కోసం క్లోరోఫాం పీల్చి క్షణాల్లో ప్రాణాలు విడిచింది. అటువంటి మరణాలు ఆ తరువాతా కొనసాగాయి. క్లోరోఫాం గుండెను ఆపగలదని లండన్ వైద్యుడు జాన్ స్నో పక్షం వాదించింది. ఆగేది ముందుగా శ్వాసేనని ఎడిన్‌బరో పక్షం పట్టుబట్టింది. ఇది పండితుల వాదులాట మాత్రమే కాదు. బల్లపై పడుకున్న రోగి ప్రాణం, మత్తు ఇచ్చే విద్యార్థి దేనిని గమనించాలని నేర్చుకున్నాడన్న దానిపైనే ఆధారపడి ఉండేది.

నిజాం కొలువులో బోధన

ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన లారీ, లాహోరులో పనిచేసిన అనంతరం 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చారు. అక్కడి వైద్య పాఠశాల బాధ్యత కూడా ఆయనకే దక్కింది. 1846లో నాలుగో నిజాం కాలంలో ఏర్పడిన ఆ పాఠశాలలో అంతవరకు ఉర్దూలో బోధన సాగేది. లారీ రాకతో అది ఆంగ్లానికి మారింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి విద్యార్థులకు శిక్షణాలయమైంది.

లారీ పద్ధతి సూటిగా ఉండేది. మత్తు ఇచ్చే పనిని విద్యార్థుల చేతికే అప్పగించేవారు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ, పొట్టలపై బిగుతైన బట్ట ఏదీ ఉండరాదు. గాలి ధారాళంగా ఆడే గొట్టపు టోపీలోనే మందు ఇవ్వాలి. కనుగుడ్డు తాకినా చలనం లేదంటే మత్తు సరిపోయినట్టు. ఊపిరిలో ఇబ్బంది కనిపిస్తే తక్షణం మందు ఆపి, కింది దవడను ముందుకు లాగి దారి తెరవాలి. అన్నింటికీ మించి, మత్తు ఇచ్చే వ్యక్తి శస్త్రచికిత్స వైపు కన్నెత్తి చూడకూడదు. అతడి దృష్టి అంతా ఊపిరిపైనే నిలవాలి. మత్తు ఇవ్వడం చేతులు ఖాళీగా ఉన్నవారెవరైనా చేసే పనిగా చాలాచోట్ల భావించిన రోజుల్లో, అది ఏకాగ్రతతో నేర్వాల్సిన విద్య అని విద్యార్థులకు నూరిపోసిన ఘనత లారీది.

ఈ బోధనలో మహిళలకూ చోటు లభించింది. లారీ కాలంలోనే పాఠశాలలో చేరిన రూపాబాయి ఫర్దూంజీ హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా చరిత్రకారులు ఆమెను పేర్కొంటున్నారు. ఆమె తరువాత ఎడిన్‌బరో వెళ్లి ఉన్నత విద్యనూ అభ్యసించారు.

ప్రపంచం చూపు హైదరాబాదు వైపు

తన వాదాన్ని రుజువు చేయాలని 1888లో లారీ హైదరాబాదులో క్లోరోఫాం కమిషన్ ఏర్పాటు చేయించారు. కుక్కలపై జరిపిన ప్రయోగాల్లో గుండె కంటే ముందు శ్వాసే ఆగిందని తేలింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఈ ఫలితాలను నమ్మలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌండ్లు సమకూర్చి, పత్రిక ప్రతినిధిగా ఒక నిపుణుడిని పంపమని కోరింది. గుండె మందులపై పేరుపొందిన లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు చేరుకున్నారు. లారీ అధ్యక్షతన బ్రంటన్, బామ్‌ఫోర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులుగా రెండో కమిషన్ పనిచేసింది. ఈసారి కుక్కలతోపాటు కోతులు, గుర్రాలు, మేకలు వంటి వందలాది జంతువులపై ప్రయోగాలు సాగాయి. గుండెకే ముప్పు అని నమ్మి వచ్చిన బ్రంటన్ కూడా చివరకు లారీతో ఏకీభవించారు. 1890లో నివేదిక లాన్సెట్‌లో వెలువడింది. ఒక సంస్థానపు వైద్య పాఠశాల పేరు ప్రపంచ వైద్య కేంద్రాలన్నింటా మార్మోగింది.

ఎక్కడ తప్పింది?

విజయం వెనుకే విమర్శ వచ్చింది. క్లోరోఫాం గుండెనే నేరుగా బలహీనపరుస్తుందని 1893లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు గాస్కెల్, షోర్ ప్రయోగపూర్వకంగా చూపారు. లారీ అంగీకరించలేదు. 1901లో పదవీ విరమణ చేసిన ఏడాదే విద్యార్థుల కోసం క్లోరోఫాంపై పుస్తకం వెలువరించి పాత వాదాన్నే నిలబెట్టారు.

అసలు చిక్కుముడిని 1911లో గుడ్‌మన్ లెవీ విప్పారు. మత్తు పూర్తిగా పట్టని తేలిక స్థితిలో, భయం, ఉద్రేకం కలిసినప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగుతుందని ఆయన పిల్లులపై ప్రయోగాలతో నిరూపించారు. హైదరాబాదులో మందు మోతాదు మించినప్పుడు ఏమవుతుందో శ్రద్ధగా పరిశీలించారు. అక్కడ శ్వాస ముందు ఆగడం నిజమే. కానీ హన్నా గ్రీనర్ వంటి వారిని బలిగొన్నది మత్తు మొదలయ్యే ఘడియలోని ముప్పు. కమిషన్ ప్రయోగాలు జవాబు చెప్పింది ఒక ప్రశ్నకు, ప్రాణాలు తీస్తున్నది మరొకటి. 1915లో లారీ కన్నుమూసే నాటికే ఆయన సిద్ధాంతం పునాది కదిలింది. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలం దాటాక క్లోరోఫాం శస్త్రచికిత్స గదుల నుంచే నిష్క్రమించింది.

మిగిలిన పాఠం

లారీ చదువు చెప్పిన వైద్య పాఠశాలే అనంతర కాలంలో ఉస్మానియా వైద్య కళాశాలగా ఎదిగింది. 1908 మూసీ వరదల్లో అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి దెబ్బతినగా, దాని వారసత్వాన్ని ఉస్మానియా ఆసుపత్రి అందుకుంది. మందు పోయినా లారీ నేర్పిన క్రమశిక్షణ పోలేదు. మత్తు ఇచ్చే వైద్యుడు నేటికీ రోగి ఛాతీ కదలికను కళ్లతో చూస్తాడు. ఊపిరి దారి మూసుకుపోతే దవడను ముందుకు లాగుతాడు. దానితోపాటు లారీ వద్దన్న నాడినీ, గుండె లయనూ, రక్తంలోని ప్రాణవాయువునూ యంత్రాల సాయంతో క్షణక్షణం గమనిస్తాడు.

2019 నుంచి దేశంలోని వైద్య కళాశాలల్లో నైపుణ్యాధారిత పాఠ్యప్రణాళిక అమలవుతోంది. మొదటి సంవత్సరం నుంచే విద్యార్థికి రోగిని పరిచయం చేయాలని అది నిర్దేశిస్తోంది. విద్యార్థి చేతికి పని అప్పగించి, పక్కనే నిలబడి, చూపును తీర్చిదిద్దడంలో లారీ నేటికీ ఆదర్శప్రాయులే. లోటు మరోచోట ఉంది. ఆయన శస్త్రచికిత్స గదిలో నాడిపై వేలు పెట్టడమంటే గురువు ఆజ్ఞను మీరడమే. గుండె తడబడుతున్నా ఆ సంగతి పసిగట్టే వీలు శిష్యుడికి లేకపోయింది. గురువు తనకు చెప్పినది తు.చ. తప్పకుండా శిష్యులకు అందించిన లారీ, దానిని పరీక్షించే స్వేచ్ఛను మాత్రం అందించలేకపోయారు. శ్రీకాకుళం, విజయనగరం వార్డుల్లో ప్రొఫెసర్ వెంట రౌండ్లకు వెళ్లే విద్యార్థికి తన కంటికి కనిపించినది ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం కలిగినప్పుడే అక్కడి బోధన రోగికి రక్షణ అవుతుంది.