మదరాసు వేధశాలలో ముప్పది ఏండ్లు

కుజ, గురు గ్రహాల నడుమగల గ్రహశకల వలయపు వెలుపలి అంచున 'సిల్వియా' అనే శిలాపిండం ఒకటి ఉన్నది. దాని అడ్డుకొలత సుమారు 270 కిలోమీటర్లు. సూర్యుని ఒకసారి చుట్టిరావడానికి దానికి ఆరున్నర సంవత్సరాలు పడుతుంది. 1866 మే 16వ తేదీన దానిని కనిపెట్టినది ఏ యూరపు నగరంలోనో కాదు. మన మదరాసులోని నుంగంబాకం వేధశాలలో. కనిపెట్టినవారు నార్మన్ రాబర్ట్ పోగ్సన్ గారు.

పోగ్సన్ 1829లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ పట్టణంలో జన్మించారు. పద్దెనిమిదేండ్లకే రెండు తోకచుక్కల కక్ష్యలను గణించారు. ఆక్స్‌ఫర్డులోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో సహాయకుడుగా ఉన్నప్పుడు, 1856లో, నక్షత్రాల కాంతి తరగతులకు ఒక గణితసూత్రాన్ని ప్రతిపాదించారు. ఒకటవ తరగతి నక్షత్రం ఆరవ తరగతి నక్షత్రం కంటె నూరు రెట్లు ప్రకాశవంతమనుకొంటే, ఒక్కొక్క తరగతికీ భేదం 2.512 రెట్లవుతుంది. భౌతికశాస్త్ర విద్యార్థులు నేటికీ వల్లించే ఈ అంకె ఆయనదేనని మనలో ఎందరికి తెలుసు?

1861లో ఆయన మదరాసు ప్రభుత్వ ఖగోళశాస్త్రజ్ఞుడుగా వచ్చారు. ఆ ఏప్రిల్‌లోనే ఒక గ్రహశకలాన్ని కనుగొని, ఈ ఖండం నుండి దొరికిన మొదటిది గనుక, 'ఏషియా' అని పేరు పెట్టారు. మన చింతామణి రఘునాథాచారి గారు ఈ వేధశాలలోనే ఆయనకు సహాయకులు. 1867లో ఒక చరకాంతి తారను కనుగొన్న కీర్తి ఆచారి గారిది.

1868 ఆగస్టు 18వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణం మన ప్రాంతం మీదుగా సాగింది. పోగ్సన్ మచిలీపట్నంలోను, ఆచారి వనపర్తిలోను, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులోను వేచియున్నారు. మచిలీపట్నంలో పోగ్సన్ సూర్యుని వర్ణపటంలో సోడియం గీతకు చేరువగా ఒక ఉజ్జ్వలమైన గీతను చూచి, అది సోడియానిదేనా అన్న సందేహాన్ని కూడ వ్రాసిపెట్టుకొన్నారు. ఆ గీత హీలియముదని తరువాత తేలింది. కాని ఆయన నివేదిక విశేషంగా ప్రచారం కాలేదు. పేరు ఇతరులకు దక్కింది. భూమిమీద హీలియం దొరికేనాటికి, అనగా 1895 నాటికి, ఆయన గతించి నాలుగేండ్లయింది.

ఆయనయందు లోపం లేదని మేము అనము. రాత్రుల తరబడి సేకరించిన తారాస్థానాలు అచ్చుకు నోచుకోక ఏండ్లకేండ్లు నిలిచిపోయినవి. 1891లో మదరాసులోనే ఆయన మరణించారు. ఆయన స్థానంలోకి వచ్చిన మిచీ స్మిత్ గారు ఆ ముద్రణ పని ముగించారు. కుమార్తె ఐసిస్ 1873 నుండి అదే వేధశాలలో సహాయకురాలు. ఆమెను 1886లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వానికి ప్రతిపాదించగా, స్త్రీ అన్న కారణంగా అది సాగలేదు. 1920లో గాని ఆమెకు ఆ సభ్యత్వం లభించలేదు.

ఇక సిల్వియా కథ అక్కడితో ఆగలేదు. 2001లో దానికి ఒక ఉపగ్రహం ఉన్నదని తెలిసింది. 2004లో చిలీ దేశంలోని పెద్ద దూరదర్శినితో తీసిన చిత్రాలలో మరియొకటి కనిపించగా, 2005లో ఆ వార్త వెలువడింది. రెండు చంద్రులుగల గ్రహశకలం తెలియడం అదే ప్రథమం. రోమనుల గాథలో సిల్వియా కవలల పేర్లే, రోములస్, రెమస్ అని, వాటికి పెట్టారు. 1868లో పోగ్సన్ మదరాసు నుండియే కనుగొన్న 'కామిల్లా'కు సైతం రెండు చంద్రులున్నట్లు 2016లో తేలింది.