కఱవుసీమ ప్రతినిధి

అనంతపురమునుండి గుత్తికి పోవు మార్గమున గార్లదిన్నె యను గ్రామము కలదు. దాని చుట్టుపట్ల నేల యెఱ్ఱనిది, రాతిగుట్టలతో కూడినది. చేలలో అధికభాగము ఆకాశమునే నమ్ముకొన్నవి. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనము ఈ సీమకు అలసివచ్చును. తూర్పుతీరమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనము చేరకమున్నే సన్నగిల్లును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము ఇచ్చట మామూలు. అదియును అదనున కురియునన్న నమ్మకము లేదు. ఇట్టి నేల రెండు సమీపగ్రామములనుండి ఇద్దఱు ప్రజానాయకులను దేశమున కిచ్చినది. గార్లదిన్నె మండలమందలి ఇల్లూరు నీలం సంజీవరెడ్డిగారి జన్మస్థానము. శింగనమల మండలమందలి తరిమెల నాగిరెడ్డిగారిది. ఒకరు మంత్రిపీఠమున కూర్చుండి ప్రత్యుత్తర మిచ్చినవారు. వేఱొకరు ప్రతిపక్షమున నిలిచి ప్రశ్న వేసినవారు. ఆ రెండవవారి జీవితమును నేడు స్మరింపదలచితిమి. ఏలయన, పల్లెవాసుల కష్టమును శాసనసభ్యుడు ప్రభుత్వము నెదుట నుంచుట యనగా నేమి, ఆ పనికి గల శక్తి యెంత, హద్దు ఎచ్చట నను ప్రశ్నలను ఇంత సూటిగా మనముందుంచిన జీవితములు అరుదు.

నాగిరెడ్డిగారు 1917 ఫిబ్రవరి 11వ తేదీన సంపన్నమైన భూస్వామి కుటుంబమున జన్మించిరి. మదనపల్లె చెంతనున్న రిషివ్యాలీ పాఠశాలయందును, మద్రాసు లయోలా కళాశాలయందును, కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందును విద్య నభ్యసించిరి. పొలము, పరపతి, పెద్దఱికము సిద్ధముగా నున్నవారికి ఊరిలో సుఖముగా కాలము గడుపుట కష్టము గాదు. ఆయన ఆ సుఖమును కోరలేదు. విద్యార్థిదశయందే దేశస్వాతంత్ర్యోద్యమమువైపును, పిమ్మట సామ్యవాదమువైపును మొగ్గిరి. ద్వితీయ ప్రపంచయుద్ధకాలమున యుద్ధముయొక్క ఆర్థికఫలితములనుగూర్చి వ్రాసిన చిన్నపుస్తకము ఆయనను చెఱసాలకు పంపినది. తరువాతను ఆ మార్గము ఆయనకు పలుమాఱులు పరిచితమే అయ్యెను.

1952లో వయోజనులందఱికి ఓటుహక్కు కలిగిన తొలి సాధారణ ఎన్నికలు జరిగినవి. మద్రాసు శాసనసభకు అనంతపురమునుండి నాగిరెడ్డిగారు కమ్యూనిస్టు అభ్యర్థిగా నిలిచిరి. ఆయనకు ప్రత్యర్థి సంజీవరెడ్డిగారు. అంతకుముందు మద్రాసు మంత్రివర్గమున పనిచేసినవారు, ఆంధ్ర కాంగ్రెసుకు అధ్యక్షులైనవారు. అంతేకాదు, నాగిరెడ్డిగారి సోదరి నాగరత్నమ్మగారి భర్త. బంధుత్వము ఇంటివద్ద నిలిచినది. పోరు వీథిలో సాగినది. ఓటరులు నాగిరెడ్డిగారిని గెలిపించిరి. తొలిసారి ఓటుచీటి చేతబట్టిన మెట్టరైతు, కూలివాడు పెద్దపేరును చూచి జంకక తన కష్టమును చెప్పగలవాడెవడని యోచించి తీర్పునిచ్చెననుట ఆ యెన్నికవలన తేటపడినది.

ఆ కష్ట మేది? 1876 మొదలు 1878 వఱకు సాగిన మహాక్షామము బళ్లారి ప్రాంతమును, నాడు అందులోనిదే యైన అనంతపురమును ఎట్లు నమిలివేసినదో ముసలివారి మాటలలో నిలిచియే యున్నది. 1882లో అనంతపురము ప్రత్యేకజిల్లా అయ్యెను గాని కఱవు విడిపోలేదు. తుంగభద్ర పొంగి ప్రక్కనే పోవుచుండ, దాని నీరు ఈ చేలకు ఎక్కునట్లు చేయవలెనన్నది తరతరముల కోరిక. 1937 నవంబరు 16వ తేదీన కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికయందు కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలముల విషయమున రాయలసీమకు ప్రాధాన్య మీయవలెనని పెద్దలు సమ్మతించిరి. ఒడంబడిక కాగితమున నున్నది. నీరు నదిలో నున్నది. ఆ రెంటిని కలుపుట శాసనసభలలో ప్రతినిధి చేయవలసిన పని. తుంగభద్ర ఎగువకాలువ పట్టుబడి సాధించుకొన్న కాలువయే గాని దానముగా లభించినది గాదు. గార్లదిన్నె చెంతనే పెనకచెర్లవద్ద పెన్నపై నిర్మింపబడిన మధ్యపెన్నార్ జలాశయమునకు నేడు ఆ కాలువనీరే ఆధారము.

నాగిరెడ్డిగారు 1957లో అనంతపురమునుండి లోకసభకును, 1962లో పుట్లూరునుండి ఆంధ్రప్రదేశ్ శాసనసభకును, 1967లో మరల అనంతపురమునుండి శాసనసభకును ఎన్నికైరి. సభలో ఆయన ఆయుధము ఆగ్రహము మాత్రమే గాదు, అంకెయును. ప్రభుత్వము తానే ప్రకటించిన నివేదికలను, లెక్కలను చదివి, వానినే మంత్రుల యెదుట నుంచుట ఆయన పద్ధతి. ఈ పద్ధతి యొక్క బలము గ్రహింపదగినది. ఊరివారు కష్టమని మొఱపెట్టినచో మంత్రి సానుభూతి చూపి యూరకుండవచ్చును; తన కార్యాలయపు లెక్కయే తన్ను ప్రశ్నించునప్పుడు ఊరకుండుట సులభము గాదు.

భూమి సంగతి యొకటి చాలును. 1961లో భూపరిమితిచట్టము వచ్చినది. దానిప్రకారము నేలగుణమునుబట్టి 27 మొదలు 324 ఎకరములవఱకు ఉంచుకొనవచ్చును. మెట్టనేలకు హద్దు మిక్కిలి ఎక్కువ. కనుక కఱవుసీమలో పంచుటకు మిగులుభూమి దొరకుట మిక్కిలి తక్కువ. చట్టము పేరున సంస్కరణమున్నను ఊరిలో కూలివానికి సెంటైన చేరదు. భూస్వామికుటుంబమున పుట్టినవాడే భూమి పంపకమునకై వాదించుట వినువారికి వింతగా నుండవచ్చును. అయితే తన భూమినే పేదలకు విడిచిపెట్టిన వారని ఆ ప్రాంతీయులు నేటికిని చెప్పుకొందురు. ఆయన మాటకు గల గౌరవమునకు మూల మిదియే.

1962లో సంజీవరెడ్డిగారు రెండవమాఱు ముఖ్యమంత్రియైరి. బావగారు ప్రభుత్వనాయకులు, మఱదిగారు ప్రతిపక్షసభ్యులు. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డిగారు పదవిని విడుచువఱకు ఈ స్థితి సాగినది. ఇంటిలో భోజనపంక్తిన కలిసి కూర్చుండదగినవారు సభలో ఎదురెదురుగా కూర్చుండుట ప్రజాస్వామ్యమునకు శోభయే గాని లోపము గాదు.

అయినను నాగిరెడ్డిగారికి క్రమముగా విశ్వాసము సడలినది. ప్రశ్నకు ప్రత్యుత్తరము వచ్చును, హామీ వచ్చును, సంఘము ఏర్పడును. భూమి మాత్రము చేతులు మాఱదు, అప్పు మాత్రము తీఱదు. శాసనసభ మూలసమస్యలను తీర్పజాలదని నిశ్చయించి 1969 మార్చిలో ఆయన సభ్యత్వమునకు రాజీనామా నిచ్చిరి. అప్పటికే మార్క్సిస్టుపార్టీని వీడి విప్లవమార్గమును స్వీకరించియుండిరి. ఆ సంవత్సరాంతముననే నిర్బంధింపబడి హైదరాబాదు కుట్రకేసున ముద్దాయియైరి. న్యాయస్థానమునకై సిద్ధపఱచిన వాఙ్మూలమే తాకట్టులో భారతదేశమను గ్రంథమైనది. అందును ఆయన చేతబట్టినవి ప్రభుత్వపు లెక్కలే. 1975లో అత్యవసరపరిస్థితి ప్రకటింపబడగా అజ్ఞాతవాసమున కేగి, వ్యాధిగ్రస్తులై 1976 జూలై 28వ తేదీన హైదరాబాదు ఉస్మానియా వైద్యాలయమున మరణించిరి. మఱుసటి సంవత్సరము జూలై 25వ తేదీన సంజీవరెడ్డిగారు భారతరాష్ట్రపతి పదవి స్వీకరించిరి. ఒకే సీమకు చెందిన ఇద్దఱు బంధువుల మార్గములు ఇంతదూరము చీలినవి.

ఆయన రాజీనామాను మేము సమర్థింపజాలము. పల్లెవాని మొఱ వినిపించుటకు సభ చాలకపోవచ్చును. కాని సభ లేనిచో ఆ మొఱ వినుటకు బద్ధుడైనవా డొకడును మిగులడు. పెనకచెర్ల జలాశయమున నిలిచిన నీరే దీనికి సాక్ష్యము. ఆ నీరు ఒక్కనాటి ప్రసంగమువలన రాలేదు. ఒక్క పక్షమువలననూ రాలేదు. అడుగువారు విసుగక అడుగుటవలనను, ఇచ్చువారు తప్పించుకొనలేకపోవుటవలనను వచ్చినది. అయినను ఆయన సందేహమును త్రోసిపుచ్చుటకును మాకు ధైర్యము చాలదు. కాలువ వచ్చిన పిదపను చివరిచేనికి నీరు చేరని యేడులు కలవు. హంద్రీ-నీవా మార్గమున కృష్ణాజలములు జిల్లాకు వచ్చిన పిదపను వానకై మబ్బువంక చూచు వేరుసెనగరైతు ఉన్నాడు. ఆయన వదలిపోయిన కుర్చీ ఖాళీగా లేదు. అందు ఎవరో ఒకరు ఎల్లప్పుడు కూర్చుండుచునే యున్నారు. వారు ఊరి లెక్కను చేతబట్టి మంత్రి నడుగుచున్నారా, మంత్రి చెప్పిన ప్రత్యుత్తరమును తిరిగి ఊరికి తెచ్చి చెప్పుచున్నారా యని విచారించుట ఓటు వేసినవారి పని. ఆ విచారణ సాగినన్నాళ్లు నాగిరెడ్డిగారి సందేహమునకు సమాధాన మున్నట్లే. అది నిలిచిననాడు ఆయన మాటయే నిజమగును.