గోలు కాచిన తంగరాజ్

ఉగాది సంచికలో జీవిత చరిత్ర అంటే ఒక కవిగారిదో, ఒక దాతగారిదో, ఒక దేశభక్తునిదో ఉండడం ఆనవాయితీ. ఈ ఏడు మేము ఒక బంతాటగాని కథ ఎత్తుకున్నాము. ఆయన పేరు పీటర్ తంగరాజ్. పేరు చూడగానే ఇది తమిళ పేరు కదా, తెలుగువారి సంచికలో దీనికేమి పని అని సభ్యులలో కొందరు నొసలు చిట్లించవచ్చును. వారికి మా మనవి ఒక్కటే. తరాల తరబడి చెన్నపట్నంలో కాపురముంటూ, ఇంటిపేర్లూ పండుగలూ తెలుగువే నిలుపుకొని, పిల్లలను ఇక్కడి బళ్లలో చదివించుకుంటున్నవారము మనము. హైదరాబాదులో పుట్టి, అక్కడి మైదానాలలో బంతి తన్ని పెరిగిన ఒక తమిళ పేరుగల కుర్రవానిని పరాయివాడనడానికి మనకు నోరు రాకూడదు. మనము ఇక్కడ ఎట్లో ఆయన అక్కడ అట్లే.

తంగరాజ్ 1935 డిసెంబరు 24న, అనగా క్రిస్మసు పండుగకు ముందునాడు, హైదరాబాదులో జన్మించారు. అప్పటికి అది నిజాముగారి రాజధాని. పక్కనే సికిందరాబాదు దండులో తెల్లవారి పటాలాలు ఉండేవి. ఆ పటాలాల పుణ్యమా అని ఫుట్‌బాల్ ఆట ఆ చుట్టుపట్ల బాగా వ్యాపించింది. తంగరాజ్ మొదట మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ అనే అక్కడి క్లబ్బులలో ఆడారు. ఆయనకు పదిహేనేండ్లు వచ్చే నాటికి హైదరాబాదు ఫుట్‌బాలుకు మహర్దశ పట్టింది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్సు కప్పును గెలుచుకొచ్చింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిపంతులుగా పనిచేసినవారు. ఈ రహీం గారు మన కథలో మరల వస్తారు.

1953లో తంగరాజ్ సైన్యంలో చేరారు. నీలగిరులలో కూనూరుకు దగ్గరనున్న వెల్లింగ్టన్‌లోని మద్రాసు రెజిమెంటల్ సెంటరు ఆయనకు నెలవైంది. మద్రాసు రెజిమెంటు అనగా ఒక్క తమిళులదే అని చాలామంది అనుకుంటారు గాని, అందులో తెలుగువారు, మలయాళీలు, కన్నడిగులు అందరూ ఉన్నారు. అక్కడ ఆయన మొదట ఆడినది గోలు ముందు కాదు, సెంటర్ ఫార్వర్డు స్థానంలో. అనగా గోలు కొట్టడం ఆయన పని. తరువాత గోలు కాచే పనికి మారారు. ఆరడుగులు దాటిన మనిషి, చేతులు చాపితే కొమ్మలు చాపిన చెట్టులా ఉండేవాడు. ఆ మార్పు చేయించినవారి కన్ను మంచి కన్ను అనుకోవాలి. 1955లో ఆ జట్టు ఢిల్లీలో డ్యూరాండు కప్పు గెలిచింది. మరల 1958లోనూ గెలిచింది. 1955లోనే ఢాకాలో జరిగిన నాలుగు దేశాల పోటీలో తంగరాజ్ మొదటిసారి భారతదేశం తరఫున దిగారు.

ఈ ఆట చూడని పాఠకుల కోసం ఆ ఉద్యోగం ఎటువంటిదో కొంచెం చెప్పాలి. గోలు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. పదకొండుమందిలో చేతితో బంతి ముట్టే హక్కు ఆ ఒక్కనికే, అదైనా తన గోలు ముందు గీసిన గీతల లోపలనే. పెనాల్టీ అయితే కొట్టేవాడు 12 గజాల దూరంలో నిలబడతాడు. ఆ బంతి చూసి కదిలితే ఆలస్యమే, చూడకముందే కదిలితే మోసమే. ఆ రోజులలో చాలామంది ఉత్త చేతులతోనే పట్టేవారు. బంతి తోలుది, వానలో తడిసితే రాయిలా బరువెక్కేది. బంతి పట్టుకొని నిలబడ్డ కీపరును అవతలివాడు భుజంతో నెట్టడం కూడా ఆ కాలపు నిబంధనల ప్రకారం తప్పు కాదు. పైగా ఇరవై బంతులు ఆపినవానిని ఎవరూ తలచుకోరు, ఒక్కటి వదిలితే ఊరంతా చెప్పుకుంటుంది. మా గుమాస్తాల బతుకూ ఇంచుమించు ఇటువంటిదే. లెక్కలు సరిపోయిన రోజున మా పేరు పై అధికారికి తెలియదు.

1952లో హెల్సింకీ ఒలింపిక్సులో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడింది. అప్పటికి మనవారిలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడేవారు. ఆ ఓటమి తరువాతనే బూట్లు తప్పనిసరి అయ్యాయి. అక్కడినుండి నాలుగేండ్లకు, 1956లో, రహీం గారి శిక్షణలో మెల్‌బోర్న్ వెళ్లిన జట్టు సెమీఫైనలు వరకు వచ్చింది. ఒలింపిక్సులో అంతదూరం వచ్చిన మొదటి ఆసియా దేశం మనదే. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించినది అక్కడే. చివరకు నాలుగవ స్థానం దక్కింది. గోలు కాచే బాధ్యత తంగరాజ్, బొంబాయి ఆటగాడు ఎస్. ఎస్. నారాయణ్ పంచుకున్నారు. ఆ జట్టులో హైదరాబాదువారు ఎందరో ఉన్నారు. సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం వారిలో ఒకడు. 1958లో టోక్యో ఆసియా క్రీడల నాటికి తంగరాజ్ ఆసియా ఖండంలోనే ఉత్తమ గోల్ కీపరని పేరు పొందారు.

1960 ఆయన జీవితంలో నిండు సంవత్సరం. సర్వీసెస్ జట్టుకు, అనగా త్రివిధ దళాల జట్టుకు, నాయకుడై మొదటిసారి సంతోష్ ట్రోఫీ గెలిపించారు. ఆ ట్రోఫీ మరల సర్వీసెస్ చేతికి రావడానికి 2012 వరకు పట్టింది. అదే ఏడు రోము ఒలింపిక్సులో మనవారు బలమైన హంగేరీతో 2-1 తేడాతో మాత్రమే ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమానమై, పెరూ చేతిలో 3-1తో ఓడి వెనుదిరిగారు. ఫుట్‌బాలులో భారతదేశం ఒలింపిక్సు మెట్టెక్కడం అదే ఆఖరు.

ఇక 1962 జకార్తా. ఈ ఘట్టం దగ్గర మేము కొంచెం ఎక్కువసేపు నిలుస్తాము, పాఠకులు సహించాలి. ఆ ఆసియా క్రీడలకు ఇజ్రాయెలు, తైవాన్ ఆటగాళ్లను ఇండొనీషియా రానీయలేదు. అది తప్పని మన దేశపు క్రీడాధికారి సోంధీ గారు గట్టిగా అడ్డు చెప్పారు. దానితో అక్కడి జనానికి మనపై ఆగ్రహం కలిగింది, మన రాయబార కార్యాలయంపై దాడి కూడా జరిగింది. మనవారు మైదానంలో అడుగుపెడితే చాలు, స్టేడియమంతా ఎగతాళి కేకలే. మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తరువాత థాయిలాండును, జపానును, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును ఓడించి ఫైనలుకు వచ్చేసరికి ఎదుట నిలిచినది మరల ఆ కొరియాయే. జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడ్డాయి. రహీం గారి ఒంటిని కాన్సరు లోలోపల తినివేస్తున్నది. తంగరాజ్ ఫ్లూ జ్వరంతో పడిపోగా, కలకత్తా కుర్రవాడు ప్రద్యోత్ బర్మన్ గోలు కాస్తూ జట్టును ఇంతవరకు లాక్కొచ్చాడు.

ఫైనలుకు ఎవరిని దింపాలి? రహీం గారు తంగరాజ్‌ను దింపారు. జ్వరపడి లేచినవాడైనా కొరియావారు ఎత్తుగా వేసే బంతులకు ఆ పొడుగు చేతులు కావాలని వారి లెక్క. ఇక్కడ మాకు తంగరాజ్ మీద కంటే బర్మన్ మీదనే మనసు పోతుంది. కష్టపడి సెమీఫైనలు గెలిపించి, ఫైనలునాడు బయట కూర్చోవలసి రావడం సామాన్యమైన బాధ కాదు. మిగిలిన స్థానాలలో అయితే ఇద్దరిని ఎక్కడో ఒకచోట సర్దవచ్చు. జర్నైల్ సింగునే చూడండి, వెనుక కాచేవానిని ఆ పోటీలలో ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డు చేశారు. గోలు ముందు మాత్రం ఉన్నది ఒకటే కుర్చీ. అయినను రహీం గారు చేసినది తప్పని అనలేము. జట్టును గెలిపించడం వారి పని, వారు ఆ పనే చేశారు.

1962 సెప్టెంబరు 4న సుమారు లక్షమంది జనం మధ్య ఆట జరిగింది. మొదటి ఇరవై నిమిషాలలోనే పి. కె. బెనర్జీ ఒకటి, తల కుట్లతోనే జర్నైల్ సింగ్ ఒకటి గోలు కొట్టారు. అక్కడినుండి భారమంతా వెనుకవారిదే. ఆట ముగియవస్తుండగా కొరియావారు ఒకటి తిరిగి కొట్టారు గాని రెండవది తంగరాజ్ రానీయలేదు. 2-1తో స్వర్ణ పతకం మనదైంది. అంత జనంలో మనకు చప్పట్లు కొట్టినది హాకీ పతకం గెలిచి వచ్చి కూర్చున్న పాకిస్తాన్ ఆటగాళ్లు మాత్రమేనని అంటారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు స్వర్ణం రాలేదు. రహీం గారు 1963 జూన్ 11న కన్నుమూశారు.

సైన్యం వదలిన తంగరాజ్ కలకత్తా చేరారు. ముందు మహమ్మదన్ స్పోర్టింగ్, తరువాత మోహన్ బగాన్, ఆ తరువాత ఈస్ట్ బెంగాల్. ఇది చదివి ఊరకే పేజీ తిప్పవద్దు. కలకత్తాలో మోహన్ బగాన్ ఇల్లు, ఈస్ట్ బెంగాల్ ఇల్లు అని ఇండ్లే వేరు. ఒకరు గెలిస్తే రొయ్యలు, ఇంకొకరు గెలిస్తే పులస చేప వండుకుంటారు. ఒకే ఇంట అన్నదమ్ములు ఆటనాడు మాటలాడుకోకపోవడం ఉన్నది. అటువంటి చోట మూడు క్లబ్బుల చొక్కాలూ తొడిగి, మూడింటివారి చేతా మన్నన పొందడం అందరి తరం కాదు. మా రైల్వేలో బదిలీ అయినవాడు కొత్త స్టేషనులో పెట్టె దింపేలోపల పాత స్టేషను గోల మరచిపోవాలంటారు. తంగరాజ్‌కు ఆ విద్య బాగా పట్టుబడినట్లున్నది. 1966లో బాంకాకు ఆసియా క్రీడలకు వెళ్లారు. 1967లో భారత ప్రభుత్వం అర్జున పురస్కారం ఇచ్చింది. 1971లో ఆట విరమించారు.

విరమించాక చాలామంది ఆటగాళ్లు కలకత్తాలోనో సొంత ఊరిలోనో స్థిరపడతారు. తంగరాజ్ మళ్లీ పెట్టె సర్దారు. శిక్షకులై అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో పనిచేశారు. చివరకు బొకారో ఉక్కు కర్మాగారానికి వచ్చి, అక్కడి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ స్థిరపడ్డారు. బొకారో అప్పుడు బీహారులో ఉండేది, 2000 నుండి జార్ఖండులో ఉన్నది. మన చెన్నై మీదుగా గూడూరు, బెజవాడ, విశాఖపట్నం దాటి ధన్‌బాద్ పోయే అలెప్పీ ఎక్స్‌ప్రెస్ ఆ ఊరిలో ఆగుతుంది. రష్యావారి సాయంతో కట్టిన ఉక్కు పట్టణం, పని కోసం నాలుగు దిక్కుల నుండి వచ్చినవారి ఊరు. అక్కడ ఎవరి యాస ఏదని అడిగేవారు లేరు.

గోలు కాచడం నేర్పడంలో చిక్కు ఏమిటంటే, దుమికి పట్టడం చూడడానికి బాగుంటుంది, కుర్రవాళ్లు అదే నేర్పమంటారు. అసలు విద్య దుమకవలసిన అవసరం రాకుండా నిలబడడం. కొట్టేవాడు వస్తుంటే గీత మీదనే ఉండక రెండు మూడు అడుగులు ముందుకు వస్తే అతనికి కనబడే ఖాళీ తగ్గుతుంది. మరీ ముందుకు వస్తే తల మీదుగా వేసేస్తాడు. ఎన్ని అడుగులు అన్నది పుస్తకంలో ఉండదు. బంతి చేతికి వచ్చినా ఛాతీ దాని వెనుక ఉండాలి, జారితే ఒంటికి తగిలి ఆగాలి. పట్టిన బంతిని ఎవరికి విసరాలో ముందే చూసుకోవాలి. ఇదంతా చూసి, నిలబెట్టి, మళ్లీ మళ్లీ చేయించి నేర్పవలసిన పని. పెరంబూరు, అయినవరం రైల్వే క్వార్టర్ల పిల్లలు సాయంత్రం ఆడేటప్పుడు మేము చూస్తుంటాము. అందరిలోకి చిన్నవానినో, పరుగెత్తలేనివానినో గోలు ముందు నిలబెడతారు. ఏషియా మొత్తానికి ఉత్తముడని పేరు పడ్డ మనిషి తన చివరి ఏండ్లు గడిపినది అటువంటి పిల్లవాని పక్కనే.

2008 నవంబరు 24న బొకారోలో గుండెపోటుతో తంగరాజ్ మరణించారు. మరి ఒక్క నెల గడిచి ఉంటే ఆయనకు 73 నిండేవి.