కాలువ గట్టున క్లౌ దొరగారు

సువార్త చెప్పుటకు వచ్చిన మనుష్యుడు మూడున్నర మైళ్ల కాలువ త్రవ్వు కంట్రాక్టును ఏల తీసికొనెను? ఈ నెల మన ధ్యానమునకు ఈ ప్రశ్ననే ఎన్నుకొన్నాము. నిర్గమకాండము 18వ అధ్యాయమును, లూకా సువార్త 14వ అధ్యాయములో 28 మొదలు 30 వరకు గల వచనములను ముందుగా ఇంటివారందరు కూడి చదివి, తరువాత దీనిని చదువవలెనని కోరుచున్నాము.

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1836లో అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో పుట్టిరి. పేదరికములో పెరిగి, యౌవనమున భూమి కొలతల పనివారితో కలిసి పని చేసిరి. గొలుసు లాగుట, హద్దులు గుర్తించుట, మట్టి లెక్క కట్టుట అప్పుడే నేర్చుకొనిరి. ఆ విద్య సేవకు పనికివచ్చునని అప్పుడెవరికి తెలియును? 1865లో తెలుగు దేశమునకు వచ్చి, 1866లో ఒంగోలులో కాపురముండిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిది మందితో ఒంగోలు సంఘము ఏర్పడెను. కరువు వచ్చు నాటికి సంఘస్థులు మూడు వేలు దాటిరి. వారిలో చాలమంది ఊరి వెలుపల పల్లెలలో చెప్పులు కుట్టుకొని, కూలి చేసికొని బ్రదుకు మాదిగ సహోదరులే.

1876లో వానలు కురియలేదు. పెద్దలు ధాత కరువని చెప్పుకొనునది ఇదే. 1878 వరకు దక్షిణ దేశమంతట లక్షలాది జనులు ఆకలిచేతను, దాని వెంట వచ్చిన తెగుళ్లచేతను చనిపోయిరి. కాలువ పని పెట్టి జనులకు కూలి యిచ్చుటకు మద్రాసు ప్రభుత్వము పూనుకొనెను. సముద్రపు ఒడ్డు వెంబడి సాగు ఆ కాలువకే నాటి గవర్నరు పేరున బకింగ్‌హామ్ కాలువ అని పేరు కలిగెను. అయితే పల్లెల నుండి పనికి పోయిన బీదలు తిట్లు తిని, పూర్తి కూలి దొరకక తిరిగి వచ్చుచుండిరి. పని ఉన్నది, కూలి సొమ్మున్నది, ఆకలిగొన్న చేతులున్నవి. ఈ మూటిని న్యాయముగా కలుపువారు లేరు. అందుచేత క్లౌ దొరగారు ఒంగోలు దగ్గర మూడున్నర మైళ్ల భాగమును తామే కంట్రాక్టు తీసికొనిరి.

ఇక్కడ మనము నిలిచి ఆలోచింపవలెను. పొలములో గట్టు వేసినవారికి ఈ సంగతి తెలియును. పార పట్టువారు ఎక్కువై తట్ట మోయువారు తక్కువైన యెడల మట్టి గుట్టలు పడి పని ఆగును. తట్టలు ఎక్కువై గడ్డపారలు తక్కువైతే మోయువారు ఊరక కూర్చుందురు. మనుష్యులందరు ఉండి త్రాగునీరు లేకపోయిన యెడల మధ్యాహ్నమునకే అందరు చెదరిపోవుదురు. ఏది ఎంత కావలెనో, ఎప్పుడు కావలెనో ముందుగా లెక్క చూచుకొనుటయే పనిలో సగము. బలము కలిగిన కూలివారితోనే ఇది కష్టము. కరువులో వచ్చినవారో బలహీనులు; కొందరు వెళ్లుచుండగా కొందరు క్రొత్తగా వచ్చుచుండిరి. వారిలో త్రోవలోనే పడి చనిపోయినవారును కలరు.

దొరగారు పై ఊళ్ల నుండి క్రొత్త మేస్త్రీలను పిలువలేదు. తమ యొద్ద ఉన్నవారెవరని చూచిరి. సుమారు ముప్పది మంది బోధకులుండిరి. ఒక్కొక్క బోధకునికి నూరేసి మంది చొప్పున అప్పగించిరి. దాదాపు మూడు వేలమంది పనివారు ఈ విధముగా విభజింపబడిరి. గుడిసెలు వేయించి, నీటికి బావులు త్రవ్వించిరి. అరణ్యములో మోషే ఒక్కడే ఉదయము మొదలు సాయంకాలము వరకు అందరి భారమును మోయుట చూచి, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి పెద్దలను నియమింపుమని యిత్రో చెప్పిన ఆలోచనయే కాలువ గట్టున నెరవేరెను. బోధకుడు తన నూరుమంది ముఖములను ఎరుగును. ఎవడు గడ్డపార ఎత్తగలడో, ఎవడు ఎత్తలేడో అతనికి తెలియును. పని ఆపి సేద తీర్చుకొను వేళ ఆ బోధకులే వారి నడుమ కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని తన యొద్దకు పిలుచు ప్రభువును గూర్చి చెప్పిరి. భుజములు కాయలు కాచినవారికి ఆ మాట విడమరచి చెప్పనక్కర లేకపోయెను.

అనేకులు బాప్తిస్మము అడిగిరి. దొరగారు ఇయ్యలేదు. కరువు సొమ్ము తమ చేతిమీదుగా పోవుచుండగా బాప్తిస్మమిచ్చిన యెడల, అన్నము కొరకు మతములో చేరిరను మాట వారి తలమీద నిలుచునని వారు ఎరుగుదురు. అంతకంటె ముఖ్యముగా, ఆకలితో అడుగువాని హృదయము వానికే తెలియకపోవచ్చును. పదునైదు నెలల కాలము బాప్తిస్మములు ఆగెను. ప్రాణము నిలుపుట ముందు, సంఘములో చేర్చుకొనుట తరువాత. ఈ రెండు పనులును దేవునివే. అయినను ఒకదాని వేళ రెండవదానిని చేయలేదు. కోత కోయుటకు ఆశ ఎంత ఉన్నను, పంట పండినదో లేదో తేలు వరకు కొడవలి పట్టని రైతు ఓర్పు అది.

1878 జూన్ నెలలో కరువు సహాయము ముగిసెను. ఇయ్యదగిన సొమ్ము ఇక లేదని దొరగారు తేటగా తెలిపినను జనులు వెనుకకు పోలేదు. బోధకులు ఎవరి ఊళ్లవారిని వారు విచారించి పేర్లు వ్రాసికొనిరి. ఒంగోలుకు ఉత్తరమున గుండ్లకమ్మ యేటి యొద్ద వెల్లంపల్లిలో జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందిరి. మూడు దినములకు 3,536 మంది. ఆ నడిమి దినమున దొరగారు స్వయముగా ఒక్కరికైనను బాప్తిస్మము ఇయ్యలేదు. అభిషేకము పొందిన తెలుగు బోధకులు ఆరుగురిలో ఇద్దరేసి నీటిలో నిలిచిరి. వారు అలసినప్పుడు వేరే ఇద్దరు దిగిరి. పేర్లు పిలుచువారు గట్టున పిలుచుచుండిరి. తొందర లేదు, త్రోపులాట లేదు. కాలువ గట్టున నేర్చిన క్రమమే యేటి గట్టునను కనబడెను.

సంఘము పెరిగినప్పుడు కూడ వారు అంతయు తమ చేతనే పెట్టుకొనలేదు. తరువాతి సంవత్సరములలో నరసరావుపేట, వినుకొండ, బాపట్ల, కంభము ప్రాంతములు వేరు చేయబడి వేరే మిషనరీలకు అప్పగింపబడెను. క్లౌ దొరగారు 1910లో అమెరికాలో నిద్రించిరి.

ప్రియ సంఘస్థులారా, మన ఊళ్లలో జరుగుచున్నదేమి? గుడి పునాదికి ఉత్సాహముతో అందరము వత్తుము. ఉన్న సొమ్మంతయు గోడలకే పోసి, కప్పు లేని గోడలను వానకు విడిచిపెట్టుదుము. నాట్ల దినములలో పని పెట్టి, మనుష్యులు రాలేదని సణుగుకొందుము. పండుగ వచ్చిన యెడల వంటకును, పందిరికిని, లెక్కకును అదే ఇద్దరు పెద్దలు పరుగెత్తుదురు. నూరుమంది కూర్చుండి చూచుచుందురు. గోపురము కట్టగోరి ముందుగా లెక్క చూచుకొనని వానిని గూర్చి ప్రభువు చెప్పినది డబ్బు లెక్క మాత్రమే కాదని మేము తలంచుచున్నాము. చేతులెన్ని, దినములెన్ని, ఎవరి బలమెంత అనునదియు ఆ లెక్కలోనిదే. లెక్క చూచుట అవిశ్వాసము కాదు. దేవుడిచ్చినది వ్యర్థము కాకుండ చూచుకొనుటయే.

ఈ నెల మీ సంఘ కూటములో ఒక పని ఎన్నుకొనుడి. దానికి కావలసినవన్నియు వ్రాయుడి. ఇంతవరకు ఏ పనియు అప్పగింపబడని వారి పేర్లు మొదట వ్రాయుడి. వృద్ధులను, బలహీనులను విడిచిపెట్టకుడి. వారికి తగిన పని వారికి దొరకవలెను. అలసిన ఇద్దరి స్థానమున దిగుటకు మరి ఇద్దరిని సిద్ధపరచుడి.

ప్రభువా, నీవిచ్చిన చేతులను, దినములను న్యాయముగా పంచుకొను జ్ఞానమును మాకు దయచేయుము. ఒక్కరి భుజముమీదనే భారము పెట్టిన మా నిర్లక్ష్యమును క్షమింపుము. ఆమేన్.