దండాలందుకున్న నాగయ్య గారు

అభిమానం తప్పేమీ కాదు. నచ్చిన నటుడి సినిమాకి మొదటి ఆటకే పరిగెత్తడం, ఈలలు వెయ్యడం, కటౌట్‌కి పూలదండ వెయ్యడం వయసులో ఉన్న ముచ్చట్లు. ఆ సరదా ఎరగని వాళ్ళు మన కాలేజీలో ఎందరుంటారు? కాని మనం అభిమానించేది మనిషినా, ఆయన వేసిన వేషాన్నా? ఈ మాట ఆలోచించినప్పుడల్లా చిత్తూరు వి. నాగయ్య గారు గుర్తుకొస్తారు.

1904లో పుట్టిన నాగయ్య గారికి చిన్నప్పట్నించీ పాటంటే ప్రాణం. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో ఆడి, పాడి పేరు తెచ్చుకున్నారు. ఆ ఊరి పేరే ఆయన పేరు ముందు నిలిచిపోయింది. 1938లో ‘గృహలక్ష్మి’తో సినిమాల్లోకి వచ్చారు. తర్వాత బి.ఎన్. రెడ్డి గారి ‘వందేమాతరం’, ‘సుమంగళి’, ‘దేవత’ చిత్రాలతో తెలుగువారి ఇంటింటి మనిషయ్యారు.

1943లో కె.వి. రెడ్డి గారి దర్శకత్వంలో ‘భక్త పోతన’ వచ్చింది. రాజుగారి కానుకలు కాదని, నాగలి పట్టి బతికిన మహాకవిగా నాగయ్య గారిని చూసి జనం పరవశించిపోయారు. ఆయన కనబడితే పండు ముసలివాళ్ళు సైతం కాళ్ళకి దండం పెట్టేవారు. 1946లో ‘త్యాగయ్య’ను తానే దర్శకత్వం వహించి, సంగీతం కూర్చి, నటించి తీశారు. 1947లో ‘యోగి వేమన’ వచ్చింది. ఇక నాగయ్య గారు నటుడన్న సంగతే చాలామంది మరిచిపోయారు. ఈ మధ్యలోనే, 1945లో, ‘స్వర్గసీమ’లో ఇల్లాలిని వదిలి ఓ నటి మోజులో పడిన భర్త వేషమూ ఆయనే వేశారు. అంత బాగా వేసినా ఆ పాత్రతో ఆయన్ని ఎవరూ ముడిపెట్టలేదు. జనానికి కావలసింది పోతన, త్యాగయ్యలే మరి!

చిత్రమేమిటంటే, నిజజీవితంలోనూ నాగయ్య గారి చెయ్యి పెద్దది. వచ్చినవాళ్ళకి భోజనం, అడిగినవాళ్ళకి డబ్బు. లెక్కా పత్రం లేదు. సొంతంగా తీసిన చిత్రాలు నష్టాలు తెచ్చాయి. ఎన్నో ఏళ్ళు కష్టపడి తీసిన ‘రామదాసు’ 1964లో విడుదలై కూడా ఆదుకోలేదు. ఒకప్పుడు దక్షిణాదిలో అత్యధిక పారితోషికం అందుకున్నవారిలో ఒకరైన ఆ మనిషి, చివరి దశలో తండ్రి వేషాలు, తాత వేషాలు వేస్తూ ఇల్లు గడుపుకున్నారు. 1965లో పద్మశ్రీ వచ్చింది గాని ఇబ్బందులు తీరలేదు. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. తర్వాత అక్కడి పానగల్ పార్కులో ఆయన విగ్రహం వెలిసింది.

దండాలు పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ కన్నీళ్ళూ నిజమే, భక్తీ నిజమే. ఆయన్ని మహాత్ముల వరసలో కూర్చోబెట్టారు. మహాత్ములకి ఇంటి అద్దె, అప్పు, అనారోగ్యం ఉంటాయని ఎవరికి తోస్తుంది?

మిత్రులారా, నేటి తారలకి లక్షల మంది అభిమానులున్నారు. ఒక హీరో కోసం మరో హీరో అభిమానితో స్నేహం చెడగొట్టుకునేవాళ్ళు మన హాస్టల్లోనే ఉన్నారు. ఈలలు మానమని ఎవరూ చెప్పరు. కాని తెర మీద మనల్ని ఏడిపించి నవ్వించే ఆయన కూడా అలసిపోతాడు, పొరబడతాడు, ముసలివాడవుతాడు. అది గుర్తుంటే గొడవలూ తగ్గుతాయి. వేషాలు తగ్గిపోయిన రోజున ఆయన్ని పలకరించేవాళ్ళూ మిగులుతారు. వీలైతే ‘త్యాగయ్య’ ఒకసారి చూడండి. పాటలు విన్నాక, వాటిని పాడిన మనిషిని కూడా కాసేపు తలుచుకోండి.